యాదన్న నిలబడే చోటు

నిన్న పొద్దున ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే యాదన్న నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. "చెప్పన్నా" అన్నాను.

వదిన గొంతు. "మేడం, మీ అన్న ఇగ లేడు. తెల్లారంగ గుండెల నొప్పి అన్నడు. దవాఖానకు తీస్కపోయే లోపే..."

"సరే వదినా" అని పెట్టేశాను.

సరే ఏమిటి? ఎవరైనా అలా అంటారా?

ఎప్పటిలాగే ల్యాబ్ వ్యాన్ ఎక్కాను. టబ్‌లో నీళ్లు నింపాను. పాలపొడి కలిపాను. కొత్త బ్యాచ్‌లో మొదటి ఎలుకను చేతిలోకి తీసుకునేసరికి పైన నాదర్‌గుల్ ట్రైనింగ్ విమానం చప్పుడైంది. "ఆగుండ్రి మేడం, బెదురుతది, దాన్ని పోనీయుండ్రి" అని యాదన్న రోజూ అనే మాట కోసం ఆగాను.

విమానం వెళ్లిపోయింది. మాట రాలేదు.

ఎలుకను మళ్లీ పెట్టెలో పెట్టి స్టూల్ మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంకా రావడం లేదు.

మీలో చాలామందికి యాదన్న తెలియదు. మా ల్యాబ్‌లో ఎలుకల గది చూసుకునేవాడు. పెద్ద అంబర్‌పేట్ అవతల ఊరు, ఎల్బీ నగర్‌లో కిరాయి ఇల్లు. నేను పీహెచ్‌డీకి చేరిన మొదటి రోజే ఎలుక కరిస్తే, "దాని తప్పేం లేదు, మీరే భయపడ్డరు" అని ముందు ఎలుకను ఓదార్చిన మనిషి.

మా పని అల్జైమర్స్ మీద. ఆ మతిమరుపు జబ్బు వచ్చేలా పుట్టించిన ఎలుకలు ఉంటాయి. సగం వాటికి మందు, సగం వాటికి ఉత్త నీళ్లు. తరువాత పరీక్ష. గుండ్రటి టబ్, నీళ్లలో కనపడకుండా ఒక చిన్న పీట. పీట కనపడకూడదనే పాలపొడి. గోడల మీద అంటించిన గుర్తులు చూసి పీట ఎక్కడుందో ఎలుక నేర్చుకోవాలి. చివరి రోజు పీట తీసేస్తాం. గుర్తున్న ఎలుక పీట ఉండే చోటే తిరుగుతూ వెతుకుతుంది. మరిచిపోయినది టబ్ అంతా తిరుగుతుంది.

"మా ఇంట్ల చాయ్‌ల పాలు తక్కువైతయి, వీళ్లకు ఈతకే పాలు" అని రోజూ అనేవాడు. రోజూ నవ్వేదాన్ని.

మొదటిసారి రిజల్ట్ చూసి గాల్లో తేలాను. మందు తాగినవన్నీ పీట ఉండే చోటికే వెళ్లాయి. తరువాత చూస్తే, ఉత్త నీళ్లు తాగినవీ అక్కడికే వెళ్లాయి!

వీడియోలన్నీ మళ్లీ చూశాను. ప్రతి దాంట్లో, పీట ఉన్న వైపే, నీలం ఏప్రన్. భుజం మీద తువ్వాల. నీళ్లలోంచి తీయగానే చలికి వణుకుతాయని, తుడవడానికి దగ్గరగా ఉంటుందని, యాదన్న రోజూ అక్కడే నిలబడ్డాడు. ఎలుకలు గోడ గుర్తులు చూడలేదు. యాదన్నను చూసి ఈదాయి.

"మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది కదన్నా!" అని అరిచాను.

"అంటే... మందు తాగనియి గూడ నన్ను గుర్తువట్టినయా మేడం?"

"పట్టాయి."

"మతిమరుపు ఉండంగనే?"

"ఆ."

క్షమించమనలేదు. కొడుక్కి ఫస్ట్ ర్యాంక్ వచ్చినట్టు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు నవ్వాడో తరువాతి వారం వాళ్లింటికి వెళ్లినప్పుడు తెలిసింది. వాళ్లమ్మకీ అదే జబ్బు. బాత్రూమ్ ఎటో మరిచి వీధిలోకి వెళ్లిపోయేదట. ఒకసారి చౌరస్తాలో బస్సుల మధ్య వెతికి తెచ్చుకున్నాడట. ఇప్పుడు గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఇంట్లో ఉన్నంతసేపూ అందులోనే. అదే చోటు, అదే నీలం ఏప్రన్, అదే తువ్వాల.

ఆవిడ లోపలి గదిలోంచి వచ్చింది. అటూ ఇటూ చూసింది. మెల్లగా వచ్చి అతని భుజం పట్టుకుని "నాయినా" అంది. కొడుకుని కాదు, వాళ్ల నాన్న అనుకుంటోంది.

"ఎవలనుకుంటే ఏంది మేడం. నా తాన్కి ఒస్తది గదా."

నా మీద కోపం నాకే వచ్చింది.

"గీ మందు మా అమ్మకు ఎప్పుడిస్తరు?" అని వారానికోసారి అడిగేవాడు. ఎలుకల్లో పనిచేసినా మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుందని, చాలా మందులు రానే రావని చెప్పేదాన్ని. "మీరు జల్ది చెయ్యుండ్రి. అందాక అమ్మను నేను ఆపుత" అనేవాడు.

పరీక్ష మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఎలుకలకు కనపడకుండా యాదన్నను తెర బయట నిలబెట్టాం. పోయిన వారం రిజల్ట్ వచ్చింది. మందు తాగినవీ, నీళ్లు తాగినవీ ఒకలాగే ఉన్నాయి. అన్నీ టబ్ అంతా తిరిగాయి. మందు పనిచేయలేదు.

మొన్న సాయంత్రం అడిగాడు. "రిజల్ట్ ఒచ్చిందా మేడం?"

"ఇంకా చూస్తున్నామన్నా" అన్నాను.

అబద్ధం. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. సోమవారం చెబుదాం అనుకున్నాను.

"మంచిగ చూడుండ్రి. తొందరేం లేదు" అని తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు.

నిన్న మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే యాదన్నను ఊరికి తీసుకెళ్లిపోయారు. వాళ్లమ్మను కదపలేక వదిన ఇక్కడే ఉండిపోయింది. వచ్చినవాళ్లు కూర్చోవడానికి గుమ్మం పక్కనున్న కుర్చీని ఎవరో తీసి బయట వేశారు.

వాళ్లమ్మ లోపలి నుంచి వచ్చింది. నేరుగా గుమ్మం పక్కకి వచ్చింది. కుర్చీ లేదు. వెళ్లిపోలేదు. చెయ్యి చాపి, అక్కడక్కడే, ఆ మూరెడు చోటులోనే తిరిగింది. ఎంతమంది పిలిచినా ఇంకో వైపు వెళ్లలేదు.

అలా తిరగడం అంటే ఏమిటో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

కుర్చీ తెచ్చి ఎప్పుడూ ఉండే చోటే వేశాను. వదిన తువ్వాల తెచ్చి దాని మీద వేసింది. ఆవిడ ఆ తువ్వాల పట్టుకుని పక్కన నేల మీద కూర్చుంది.

అన్నా, రిజల్ట్ వచ్చింది. మందు పనిచేయలేదు. మొన్ననే చెప్పాల్సింది, నన్ను క్షమించు.

కానీ అమ్మకి నువ్వు గుర్తున్నావు. నేను కళ్లారా చూశాను.

కుర్చీ ఎవరూ కదపకూడదని వదినకి చెప్పి వచ్చాను. నువ్వింక నిశ్చింతగా పడుకో యాదన్నా.