అమ్మ పూనిందని చెప్పాను

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు, దేవుడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆగిపోతే ఏమనుకోకండి.

పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్లయింది అప్పటికి. తాండూరు పక్క నాపరాళ్ల గనిలో నేనూ బాలప్పా జోడీగా పనిచేసేవాళ్లం. బండకు ఆ కొన వాడు, ఈ కొన నేను. ఎప్పుడు ఎత్తాలో నోటితో చెప్పుకోనక్కర్లేదు, ఊపిరితోనే తెలిసేది. దోస్తులంటే వీళ్లే అనుకునేవారు అందరూ. భుజం మీద చెయ్యేసుకుని బజారంతా తిరిగినా ఎవరూ అడగలేదు. వికారాబాదులో రైల్వే పని దొరికితే ఇద్దరం ఒక గది తీసుకుని ఉందామనుకున్నాం. అంతకు మించి మేం ఏం కోరుకున్నాం చెప్పండి?

ఆ పొద్దున మంచు బాగా కురుస్తోంది. కంది చేలు పూతకొచ్చాయి. మంచులో పసుపు కలిపినట్టు గాలంతా పచ్చగా ఉంది. గట్టున బాలప్ప నా మెడలో ముఖం దాచుకుని ఉన్నాడు. వాణ్ణి రెండు చేతులా పొదువుకున్నాను. ఎంతసేపో తెలియదు. అది నిజంగా జరిగిందా, నేను కన్న కలా అని ఇప్పటికీ అనుమానమొస్తుంది. మంచులోంచి మా మేనమామ వచ్చి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నర్రా గీడ?"

"వానికి అమ్మ పూనింది మామా. పడిపోతుంటే పట్టుకున్న."

ఎక్కణ్ణుంచి వచ్చిందా మాట? ఆలోచించకుండా అన్నాను. కాదు, ఇదీ అబద్ధమే. ఒక్క క్షణం ఆలోచించాను. మా వైపు ఎల్లమ్మ పూనిన మగవానికి చీర కడతారు, మెడలో పూసలు వేస్తారు, నెత్తిన అమ్మవారి గంప పెడతారు, జోగప్ప అంటారు. ఊరు వానికి మొక్కుతుంది, భయపడుతుంది కూడా. చీర కట్టిన మగవానికి మా దగ్గర ఒక పేరుంది, చోటుంది. ధోతి కట్టుకున్న ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు ప్రేమించుకుంటే పేరూ లేదు, చోటూ లేదు. అది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ ఉన్న ఒక్క చోటులోకి వాణ్ణి నెట్టి నేను తప్పుకున్నాను.

మామ అక్కడికక్కడే వాని కాళ్లకు మొక్కాడు. బాలప్ప నా వైపు చూశాడే తప్ప నోరు విప్పలేదు. విప్పితే నా బతుకూ పోతుందని వానికి తెలుసు. ఆ మౌనాన్ని కూడా అమ్మ మహిమే అన్నారు.

మాఘ పున్నమికి చీర కట్టించారు. ముందురోజు వాడు నన్ను గని దగ్గర పట్టుకుని అడిగాడు. "నాకు చీర ఒద్దుర. నాకు అమ్మ రాలే, నీకెరుకే గద. ఒక్క మాట మీ మామకు చెప్పరాదుర?" జర ఆగు, చూద్దాం అన్నాను. ఏం చూస్తాను, నా తలకాయ. నెల తిరక్కుండా ఒక్కణ్ణే వికారాబాదు రైలెక్కాను.

ఆ చీరలోనే హాయిగా, నిండుగా బతికేవాళ్లను తరవాత చూశాను. అది వాళ్లు కోరుకున్న బతుకు, వాళ్లను ఒక్క మాట అనను. బాలప్ప కోరుకున్నది అది కాదు. వికారాబాదులో ఒక పాస్టరుగారు ఇద్దరు మగవాళ్ల ప్రేమ పాపమన్నారు, మౌల్వీసాబు అదే పాపాన్ని గునా అన్నారు. వింటూ నేను సిగ్గులేకుండా తేలికపడ్డాను. తిట్టడానికైనా వాళ్లు దానికో పేరు పెట్టారు కదా అనిపించింది.

ఏడాదికోసారి బాలప్ప గంపతో వికారాబాదులో మా గుమ్మానికి వస్తాడు. నా భార్య బియ్యం పోసి, పిల్లల్ని వాని కాళ్ల మీద పడేస్తుంది. "మీరు మొక్కరేంది?" అంటుంది. పోయినసారి వంగాను. అందరికీ పాదాలు అందించేవాడు నా చెయ్యి తగలకుండా ఒకడుగు వెనక్కి వేశాడు. నా భార్య అది గమనించలేదు.

నాకు వాడంటే ప్రేమ. మామకు ఆ రోజు చెప్పాల్సిన మాట అదొక్కటే. చెబితే ఏమయ్యేదో ఎరుగను, తన్నేవారేమో, చంపేవారేమో. ఇవాళ రాసేశాను. గుండెలో ఏదో సడలింది, కాదనను. నేను తేలికపడ్డాను. వాడు మాత్రం ఈ పొద్దు కూడా ఏదో ఊళ్లో చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ నడుస్తుంటాడు.