ధీరే చల్

అరబ్బు దేశంలోని మెసయీద్‌లో దిగింది జూలైలో, మధ్యాహ్నం రెండింటికి. తొంభైల నడిమి సంగతి. బస్సు దిగేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఒకవైపు ఎరువుల ఫ్యాక్టరీ, ఒకవైపు సముద్రం, మధ్యలో రేకుల షెడ్ల క్యాంప్. మిలిటరీలో రిటైరైన ముగ్గురం దానికి కాపలా. తుపాకీ ఇస్తారనుకున్నాను. లాఠీ, ఈల, వాకీటాకీ చేతిలో పెట్టారు. నా ముఖం చూసి మా పెద్ద, సిద్దిపేట సుబేదారు, నవ్వాడు.

"తుపాకి లేకుంటే నిద్ర పట్టదా హవల్దార్?"

ఆగస్టులో ఒకరోజు పైపులు మోసే కూలీ ఎండకు పడిపోయాడు. ఫోర్‌మన్ నోట ఎప్పుడూ ఒకటే మాట, త్వరగా కదలండని, "యల్లా, యల్లా!" ఆ రోజూ అదే అరుస్తూ, నాటకాలాడుతున్నావా అని బూటుకాలితో తన్నాడు. కూలీ లేవలేదు. అంబులెన్స్ వచ్చేలోపే ప్రాణం పోయింది.

సాయంత్రం నాలుగున్నరకు కబురు క్యాంప్‌కు చేరింది. వందలమంది ఇనుప రాడ్లు పట్టుకున్నారు. ఫోర్‌మన్ మెస్ స్టోర్‌లో దూరి తలుపేసుకున్నాడు. సుబేదారూ నేనూ అతని దగ్గరికి చేరేసరికి గేటు నుంచి మా మూడోవాడు, హైదరాబాద్ డ్రైవర్, వాకీటాకీలో చెప్పాడు.

"సాబ్, పోలీసులొస్తున్నరు గానీ టైం పడ్తది. జీపు లోపల్కి రాదు. తొవ్వకు అడ్డం డ్రమ్ములేసిండ్రు."

"ఇంజన్ బంద్ చెయ్యకు. మేమే వాణ్ణి తెస్తం," అన్నాడు సుబేదారు.

మెస్ నుంచి గేటు దాకా ఖాళీ మైదానం. ఒక్క పరుగున దాటేద్దామన్నాను.

"ఉరికితే ఎంబడి పడ్తరు. వాళ్ల కోపం వాళ్లది, మన నడక మనది. ధీరే చల్!"

డ్రిల్లులో ధీరే చల్ అంటే పాదాన్ని గాలిలో ఒక్క క్షణం ఆపి మెల్లగా ఆనించే నడక. మిలిటరీలో ఉండగా తోటి సైనికుల శవాల వెంట అలా నడిచేవాళ్లం. ఇప్పుడు ముందు సుబేదారు, మధ్యలో ఫోర్‌మన్, వెనక అతని బెల్టు పట్టుకుని నేను. మొదటి రాయి నా కనుబొమ చీల్చింది. తర్వాతది సుబేదారు నుదుటికి తగిలింది. రక్తం రెండు కళ్లలోకీ కారుతున్నా ఆయన అడుగు తప్పలేదు. రాడ్ ఎత్తినవాడొకడు మా నడక చూసి ఆగిపోయాడు. పక్కకు తప్పుకున్నాడు. వాడి వెనకవాళ్లూ తప్పుకున్నారు. అప్పటిదాకా ఎగపోస్తున్న నా ఊపిరి కూడా కుదుటపడింది.

గేటు కనబడింది. అదే కొంప ముంచింది. ఫోర్‌మన్ మోచేత్తో నా గొంతులో పొడిచి పక్కకు పరుగు తీశాడు. జనం వాడి మీద పడ్డారు. పుర్రె పగిలిన చప్పుడు విన్నాను. రాడ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. నేను మోకాళ్ల మీద కూలబడ్డాను. ముందు నడుస్తున్న సుబేదారును కేకేద్దామన్నా దెబ్బ తిన్న గొంతు పలకలేదు. వాడంటే నాకూ అసహ్యమే. అయినా ఆ చావు చూసి ఏడ్చాను.

కొన్నాళ్లకు కంపెనీ మమ్మల్ని ఇళ్లకు పంపేసింది. విజయనగరంలో బజారుకు వెళ్తుంటే మా ఆవిడ ఇప్పటికీ విసుక్కుంటుంది.

"ఆ నడకేటండీ, పెళ్లికూతురిలాగ?"

నవ్వేసి ఊరుకుంటాను. కళ్లు మూస్తే మాత్రం సుబేదారే కనిపిస్తాడు. నెత్తుటితో కళ్లు మూసుకుపోయి, అదే నడకతో గేటు చేరాడు. వెనక్కి తిరిగి, ఎవరూ లేని చోట చెయ్యి చాపి, "చూసినవా, ఉరకకుంటనే తెచ్చిన. ఇగ జీపెక్కు," అన్నాడు.