చెల్లదురై ఒంటరిగా ఎగిరిన ఉదయం

అళగర్‌సామి పుట్టింది కోవిల్‌పట్టి నుంచి కయత్తారు వెళ్ళే బాటలో ఒక నల్లరేగడి పల్లెలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తండ్రి పత్తీ సజ్జా వేసి బతికినవాడు. అళగర్‌సామికి మాత్రం చేను అంటలేదు. మీసం సరిగా రాకముందే విరుదునగర్ పోయి దామోదరసామి అనే పత్తి వ్యాపారి జిన్నింగు మిల్లులో ఇంజను దగ్గర చేరాడు. దామోదరసామి కారు కొన్నప్పుడు దాన్ని నడిపే పని కూడా అతనిదే అయింది.

దామోదరసామికి కొత్త యంత్రం ఏది కనిపించినా సొంతం చేసుకోవాలనిపించేది. మద్రాసులో విమానాలు నేర్పే క్లబ్బు పెట్టారని విని సభ్యుడిగా చేరాడు. మొదటిసారి పైకి ఎక్కిన రోజే కడుపులో తిప్పి, దిగాక పచ్చికలో కూలబడ్డాడు. అయినా ఆశ చావలేదు. "నేను తోలకపోతే ఏమి? నా మనిషి తోలుతాడు" అని అళగర్‌సామిని అక్కడ నేర్చుకోవడానికి పెట్టాడు. అట్లా ఇంజను మసిలో పెరిగిన పల్లెటూరివాడు 1932లో పైలట్ లైసెన్సు చేతబట్టుకుని విరుదునగర్ స్టేషన్లో దిగాడు.

అతనికి నేర్పిన దొర పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గురువు లేకుండా శిష్యుడు మొదటిసారి ఒక్కడే ఎగరడాన్ని సోలో అంటారు. అళగర్‌సామి సోలో ఎప్పుడో దొర ముందుగా చెప్పలేదు. గాలి కదలని ఒక తెల్లవారుజామున రెండు చుట్లు కలిసి తిరిగి దిగాక, దొర ముందు సీట్లోంచి కిందికి దూకి, ఖాళీ సీటు పట్టీలు విమానం నడిపే కర్రకు అడ్డం రాకుండా బిగించి కట్టి, "పో" అన్నాడు. భయపడే వ్యవధి కూడా లేదు. దిగాక ఎందుకు ముందే చెప్పలేదని అడిగితే దొర నవ్వి, "చెప్పుంటే రాత్రంతా ఎగిరుండేవాడివి. పొద్దున్నకు అలసిపోయేవాడివి" అన్నాడు. ఆ మాటలోని విలువ అళగర్‌సామికి అప్పుడే తెలిసింది. తెలిసి కూడా తర్వాత దాన్ని పక్కన పెట్టాడు.

1935లో దామోదరసామి ఒక పాత మాత్ విమానం కొన్నాడు. రెండు జతల రెక్కలు, ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, పైకప్పు లేదు. నల్లరేగడిలో వాన పడితే చక్రం దిగబడి పోతుందని, కోవిల్‌పట్టికీ ఒట్టపిడారానికీ మధ్య తన ఎర్రమట్టి బీడులో తుమ్మచెట్లు కొట్టించి, రాళ్ళు ఏరించి మైదానం చేయించాడు. తూర్పు కొసన తాటిచెట్లు. వాటి పక్కన తాటాకుల పాక, అందులో విమానం. నేర్పడానికి అళగర్‌సామి ఉన్నాడు, నేర్చుకోవడానికి మనిషి కావాలి.

"మన కులంలో చదువుకున్న పిల్లోడు ఎవడన్నా ఉంటే చూడు" అన్నాడు దామోదరసామి.

అళగర్‌సామి తన మేనల్లుడు చెల్లదురైని తెచ్చాడు. చెల్లదురై అతని చెల్లెలు గురువమ్మాళ్‌కి ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. పాళయంకోటలో కాలేజీ చదువు ముగించి ఇంటికి వచ్చి ఉన్నాడు. గురువమ్మాళ్‌కి ఇది నచ్చలేదు.

"వాడు నేలమీదే బతకనీ అన్నా. గాలిలో పొయ్యేది మనకెందుకు?"

"నేనుండాను గదా, నీకేమి బయం?" అన్నాడు అళగర్‌సామి.



చెల్లదురై చేతిలో నేర్పు ఉంది. విమానం ముక్కును కాకుండా దూరాన కురుమలై కొండ గీతను చూస్తూ ఎగరాలని ఒక్కసారి చెబితే చాలింది. నేలమీంచి లేవగానే ఇంజను ఆగితే వెనక్కి తిరగకూడదని, ఎదురుగా ఏ చేను కనిపిస్తే ఆ చేనులోనే దించాలని అళగర్‌సామి రోజూ చెప్పేవాడు. "వెనక్కి తిరిగితే చస్తావు. పత్తిచేను పాడైతే పోనీ" అనేవాడు. నేను దిగిపోయాక బండి తేలికవుతుంది, తొందరగా లేస్తుంది, దించేటప్పుడు నేలను తాకకుండా ఈదుతూ పోతుంది, అప్పుడు కంగారుపడకు అనీ చెప్పాడు. దిగడం కుదరకపోతే ఇంజను పూర్తిగా తెరిచి మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరగమని చేసి చూపించాడు.

వెనక సీట్లోంచి మాట్లాడే గొట్టంలో ప్రతిదానికీ ఒకటే జవాబు వచ్చేది. "సరి మామా."

అర్థం కాలేదని కానీ, ఈరోజు ఒంట్లో బాగాలేదని కానీ, ఇంకోసారి చూపించమని కానీ ఆ గొట్టంలో ఎన్నడూ వినపడలేదు. అళగర్‌సామి దాన్ని మంచి శిష్యుడి లక్షణం అనుకున్నాడు. మేనమామకు ఎదురు చెప్పని ఇంట్లో పెరిగిన పిల్లవాడు అట్లాగే ఉంటాడని, అది విమానంలో పనికిరాని గుణమని అతనికి తోచలేదు.

పంగుని నెలలో, ఎండలు ముదరకముందు, ఒక వేకువ. గాలి లేదు. తాటాకు కూడా కదలడం లేదు. చెల్లదురై వరుసగా దించిన ప్రతిసారీ విమానం నేలను ముద్దుపెట్టుకున్నట్టు ఆనింది. ఇంక దిగిపోయి, సీటు పట్టీలు కట్టి, పో అనాలి. అళగర్‌సామి చెయ్యి పట్టీ మీదకు పోయింది కూడా. కానీ దామోదరసామికి మాట ఇచ్చి ఉన్నాడు. సోలో రోజున మేళం పెట్టాలని, విరుదునగర్ వ్యాపారులందరూ చూడాలని, జిల్లాలో పెద్ద అధికారి ఒకడు వచ్చి పూలమాల వేయాలని ఆయన కోరిక. ఆయన పెట్టిన అన్నంతోనే తాను ఇంతవాడయ్యాడు. అళగర్‌సామి పట్టీ వదిలేసి, "చాలు, పాకలోకి తోలు" అన్నాడు.

అధికారికి తీరిక దొరకలేదు. చిత్తిరై నెల పోయింది. తర్వాతి వైకాశి నెలా చివరికి వచ్చింది. ఆ రోజుల్లో నల్లరేగడి నిండిన మా కరిసల్ సీమలో తెల్లవారుజామున గాలి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పడమటి కనుమల్లోంచి గాలి తోసుకొస్తుంది. కింద నేల కాగి సుడిగాలులు లేస్తాయి.

అనుకున్న రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలాయి. పాంచాలంకురిచ్చి నుంచి, ఒట్టపిడారం నుంచి ఎద్దుల బండ్లు వచ్చాయి. తీయని తాటి పదనీరు కుండలు, వేరుశనగ బుట్టలు వెలిశాయి. గురువమ్మాళ్ కొత్త చీర కట్టుకుని పాక నీడలో నిలబడింది. ఎండ వచ్చింది. అధికారి రాలేదు. ఎదురుచూపులోనే, గాలి వాలు తెలియడానికి వెదురు గడకు కట్టిన గుడ్డసంచి మెల్లగా పొంగి, ఒకవైపుకు సాగి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

చెల్లదురై దాన్నే చూస్తూ ఉన్నాడు.

"గాలి లేస్తుండాది మామా."

"ఆ, చూసినాను."

చెల్లదురై ఇంకేదో చెప్పబోయినట్టు నిలబడి, మళ్ళీ సంచి వైపు తిరిగాడు.

చివరికి అధికారి కార్లు వచ్చాయి. మేళం మోగింది. అళగర్‌సామి దామోదరసామిని పక్కకు పిలిచాడు.

"అయ్యా, గాలి జాస్తి అయింది. రేపు తెల్లారి చేసుకుంటామా?"

"ఇంత జనాన్ని పిలిచి రేపంటావా?" దామోదరసామి గొంతు తగ్గించాడు. "నువ్వు నేర్పించిన పిల్లోడి మీద నీకే నమ్మకం లేదా?"

ఆ మాట అళగర్‌సామికి ఎక్కడో తగిలింది. నమ్మకం ఉంది. ఉందని చూపించాలనిపించింది. విమానం దగ్గరికి పోయి ముందు సీటు పట్టీలు కట్టాడు. చెల్లదురై అప్పటికే వెనక కూర్చుని ఉన్నాడు. పెదవులు ఎండి ఉన్నాయి. అళగర్‌సామి రెక్క మీదకు వంగి అతని చెవి దగ్గర చెప్పాడు.

"ఒక్క సుట్టు. చక్కగా దించెయ్. అందరూ చూస్తుండారు."

"సరి మామా."

ముక్కు మీది పంకా తిరిగింది. విమానం అనుకున్నదానికంటే ముందే లేచింది. జనం ఒక్కసారిగా అరిచారు. చెల్లదురై ఎడమకు తిరిగి, కోవిల్‌పట్టి రైలుకట్ట వైపు పోయి, చుట్టు సరిగ్గా పూర్తి చేశాడు. దిగడానికి తాటిచెట్ల మీదుగా వచ్చాడు. కాగిన నేల మీంచి లేచిన వేడిగాలి తేలికైన విమానాన్ని పైకి ఎత్తి పట్టుకుంది. అది కిందికి రానంది. మైదానం సగం దాటింది. అప్పుడు ఇంజను పెద్దగా మోగింది. చెల్లదురై మళ్ళీ పైకి లేచాడు.

"బాగు చేసినాడు!" అన్నాడు అళగర్‌సామి పైకే.

కానీ జనానికి అది ఓటమిగా కనిపించింది. చక్రాలు నేలకు తగులుతాయని మొదలుపెట్టిన మేళం మధ్యలో ఆగింది. ఎవరో నవ్వారు. పిల్లలు ఈల వేశారు. "ఏమప్పా, దించేది తెలియదా వాడికి?" అన్నాడు దామోదరసామి.

రెండోసారి విమానం చాలా కిందుగా, మెల్లగా వచ్చింది. ముక్కు పైకెత్తి ఉంది. అళగర్‌సామి చేతులు ఊపుతూ పరుగెత్తాడు. "లేపు! లేపురా!" అని అరిచాడు. తాటిచెట్లు దాటగానే గాలి ఒక్కక్షణం ఆగింది. వేగం చాలక ఎడమ రెక్క కుంగింది. అది నేలకు గుచ్చుకుని, విమానం బొంగరంలా తిరిగి బోర్లా పడింది.

మంట అంటుకోలేదు. అళగర్‌సామి చేరేసరికి గురువమ్మాళ్ అక్కడ ఉంది. అంత వేగంగా ఎట్లా పరుగెత్తిందో తెలియదు. చిరిగిన రెక్క గుడ్డను చేతులతో లాగేస్తోంది. అన్న వైపు ఒక్కసారి చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ చూపు తలుచుకుని అళగర్‌సామి చాలాకాలం నిద్రపోలేదు.

చెల్లదురై బతికాడు. ఎడమ కాలు వంకరగా అతుక్కుంది. కుడి కంటికి చూపు పోయింది.

విచారణకు మద్రాసు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. దిగడం కుదరకపోతే మళ్ళీ లేవాలని నేర్పావా అని అడిగాడు. నేర్పానన్నాడు అళగర్‌సామి. అతను లేపలేదు కదా అన్నాడు ఆఫీసరు. లేపలేదన్నాడు. పక్కన దామోదరసామి కూర్చుని ఉన్నాడు. గాలి పెరిగిందని తెలిసే పంపాననీ, చెవిలో ఏమి చెప్పి పంపాననీ చెప్పడానికి అళగర్‌సామికి నోరు రాలేదు. ఆఫీసరు అడగలేదు. తప్పు విద్యార్థిదేనని తేలింది. దామోదరసామి విరిగిన విమానాన్ని అమ్మేసి, తర్వాత దాని ఊసెత్తలేదు.

గురువమ్మాళ్ అన్నతో మాట్లాడడం మానేసింది. చెల్లదురై ఒట్టపిడారంలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే పంతులయ్యాడు. అతను మాత్రం మామను చూస్తే లేచి నిలబడేవాడు, ఆ కాలుతోనే.

కొన్నేళ్ళకు మద్రాసు క్లబ్బు అళగర్‌సామిని నేర్పడానికి పిలిచింది. ప్రయాణానికి ముందు ఒకరోజు విరుదునగర్‌లో అతను కోవిల్‌పట్టి రైలెక్కితే, అదే పెట్టెలో చెల్లదురై కనిపించాడు. మదురైలో కంటి డాక్టరుకు చూపించుకుని వస్తున్నాడు. సాత్తూరు దాకా ఊళ్ళో సంగతులే మాట్లాడుకున్నారు. సాత్తూరులో దోసకాయలు అమ్మేవాళ్ళ కేకలు సద్దుమణిగి రైలు కదిలాక, అళగర్‌సామి ఇన్నాళ్ళూ అడగలేనిది అడిగాడు.

"రెండోసారి వచ్చేటప్పుడు వేగం తగ్గిపోయిందని నీకి తెలియలేదా?"

"తెలిసింది మామా."

"మరి ఎందుకు లేపలేదు?"

చెల్లదురై కిటికీలోంచి చూశాడు. "ముందుసారి లేపినప్పుడు కింద జనం నవ్వుతుండారని అనిపించింది. ఇంజను సద్దులో ఎట్ల వినిపించేది? ఐనా విన్నట్టే ఉన్నింది. ఇంకోసారి లేపితే మానం పోతుందనుకున్నాను. మీ మానం కూడా."



"ఆ పొద్దు లేచినప్పుడే నాకి బాగలేదు మామా. రాత్రంతా కన్ను మూయలేదు. చెప్పాలనే వచ్చినాను. గాలి లేస్తుండాదని చెప్పినాను గదా. అంతకన్నా మీకి ఎట్ల చెప్పేది?"

రైలు నల్లరేగడి చేల మధ్య పోతూ ఉంది. అళగర్‌సామి కండువాతో ముఖం కప్పుకున్నాడు. చెల్లదురై అతని మోకాలి మీద చెయ్యి వేసి, కోవిల్‌పట్టి వచ్చేదాకా తీయలేదు.

మద్రాసులో అళగర్‌సామి దగ్గర నేర్చుకున్నవాళ్ళు అతన్ని విచిత్రమైన మనిషి అనుకున్నారు. ప్రతి పొద్దునా అందరినీ నిలబెట్టి, "ఈరోజు ఎగరాలని లేకుంటే చెప్పండి. కారణం అక్కరలేదు" అనేవాడు. ఎవరైనా లేదంటే సంతోషించి టీ పోయించేవాడు. విమానం చక్కగా దిగబోతుంటే కూడా, ఏ కారణం లేకుండా మళ్ళీ లేపమనేవాడు. దిగకుండా లేచిపోవడం వాళ్ళకు నడకంత మామూలు కావాలని అతని పట్టుదల. సోలో ఎప్పుడని అడిగితే కోప్పడేవాడు. చూడడానికి చుట్టాలను రానిచ్చేవాడు కాదు. వాళ్ళలో ఎవరికీ మొదటి సోలోలో గీత కూడా పడలేదు. ఒక్కొక్కరు క్షేమంగా దిగినప్పుడల్లా అతనికి పంగుని నెల నాటి వేకువే గుర్తొచ్చేది. అందరూ చప్పట్లు కొడుతుంటే అతను విమానాల షెడ్డు వెనక్కి పోయేవాడు.

యుద్ధం మొదలైన ఏడు అతను ఆ విచారణ జరిపిన విమానాల ఆఫీసుకు పోయి, కోవిల్‌పట్టి ప్రమాదంలో తప్పు తనదని చెప్పుకుంటానన్నాడు. అక్కడి మనిషి ఆశ్చర్యపోయి, అది ఎప్పుడో ముగిసిన వ్యవహారమనీ, ఇప్పుడు ఎవరికీ దానితో పనిలేదనీ చెప్పి పంపేశాడు.

ఆ సంగతి చెప్పడానికి ఒట్టపిడారం వెళ్ళాడు. బడి వదిలిన వేళ. చెల్లదురై అంతా విన్నాడు.

"ఇప్పుడెందుకు మామా అదంతా?" అన్నాడు. "పదండి, అమ్మ అన్నం వండింది."

గురువమ్మాళ్ ఆ సాయంత్రం అన్నకు ఆకు వేసి వడ్డించింది. అతను చాలంటున్నా ఇంకో గరిటె పులుసు పోసింది. మాట మాత్రం రాలేదు.