తెర మీద లేని మాట

మా మేనమామ పోయాడని మొన్న ఆదివారం పొద్దున అత్తే ఫోన్ చేసి చెప్పింది. ఏడవలేదు. "మీ మామ పోయినారు కణ్ణు, వచ్చి చూసి పో" అంది, అంతే. ఆ ఇంట్లో నన్ను ముద్దుగా కణ్ణు అనే పిలిచేవారు. నేను మాత్రం వాళ్ల ఊరు పోదనూరు వెళ్లే బస్సులో దారంతా ఏడ్చాను.

మామది రైల్వే ఉద్యోగం. ఎవరో ఊరొదిలి పోతూ అమ్మిన పాత ప్రొజెక్టరు, దానితో వచ్చిన ఒకే ఒక్క సినిమా ఆయన ఆస్తి. ఏదో తెల్లవాళ్ల నవల నుంచి తీసిన మూకీ. పుస్తకాలు తెచ్చిచ్చే పొరుగింటాయనతో భార్య నవ్వుతూ మాట్లాడిందని మొగుడు ఆమెను వెళ్లగొడతాడు. తర్వాత తప్పు తెలిసి ఆమె గుమ్మం ముందు నిలబడతాడు. నా చిన్నప్పుడు ఆదివారం భోజనాలయ్యాక కిటికీలు మూసి, గోడకు తెల్ల పంచె బిగించి, మామ అదే ఆడించేవాడు. పక్కిళ్ల ఆడవాళ్లంతా వచ్చేవారు. మధ్యమధ్య పడే ఇంగ్లీషు అక్షరాలను వాళ్ల కోసం మా ఇంటి తెలుగులో బిగ్గరగా చదివేవాడు. రీలు తెగితే చిరిగిన చోటి ఫ్రేము కత్తిరించేసి ఓపిగ్గా అతికేవాడు. "తెగింది అతకొచ్చు కణ్ణు, అయితే ఒక బొమ్మ పోతాది" అనేవాడు.

చివర్లో మొగుడు గుమ్మం దగ్గరికి రాగానే, "తప్పు నాదే. నిన్ను నమ్మకపోతిని. మన్నించు" అని చదివేవాడు. నాకు ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చాక చూస్తే, అక్కడున్నది "చాలా ఏళ్లు గడిచాయి" అని మాత్రమే. పెద్ద తెలివైనదాన్నని అందరి ముందూ అనేశాను: "మామా, అట్ల రాసి లేదు!"

"రాసినోడు మరిచిపోయినాడు కణ్ణు" అన్నాడు మామ. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

అత్త ఒకప్పుడు సింగానల్లూరు బడిలో ఇంగ్లీషు టీచరు. తోటి టీచరుతో ఒకే బస్సులో వస్తోందని మామ అనుమానపడి ఆ ఉద్యోగం మాన్పించాడట. మా అమ్మ చెప్పాక గానీ నాకు తెలియలేదు. ఆ గదిలో ఆ అక్షరాలు అందరికంటే బాగా చదవగలిగింది అత్తే. అది మామకూ తెలుసు. నేరుగా అడగలేని క్షమాపణను వారం వారం గోడ మీది మొగుడి చేత అడిగించేవాడు. పిరికితనమే. ఆ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయనంటే ప్రాణం కూడా. అత్త ఏ వారమూ జవాబివ్వలేదు. సినిమా అయ్యాక లేచి కాఫీ పెట్టేది.

పోయినేడు పక్షవాతం వచ్చి మామకు మాట పడిపోయింది. చూడ్డానికి వెళ్తే, సినిమా వేయమని సైగ చేశాడు. నేనే రీలు ఎక్కించాను. చూసేది మేం ముగ్గురమే. అక్షరాలు పడుతుంటే ఈసారి అత్త చదవసాగింది, టీచరు గొంతుతో, ఒక్క మాట తప్పకుండా. మొగుడు గుమ్మం దగ్గరికి వచ్చాడు. మామ నోరు తెరిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్త తెర వైపు చూస్తూనే చదివింది: "మన్నించి చానా ఏండ్లాయె."

రీలు అయిపోయింది. పంచె మీద ఒట్టి తెల్లటి వెలుగే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ప్రొజెక్టరు ఆపడానికి నాకు చేతులు రాలేదు.