రాతి మీద ఏడో పేరు

దయ్యాలంటే నాకు నవ్వు. ఫిల్మ్ నగర్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అసిస్టెంట్‌ని. థర్మకోల్‌తో ఎన్ని దయ్యాల కొంపలు కట్టానో లెక్కే లేదు. అలాంటి నేను ఇది రాయడం నాకే చిత్రంగా ఉంది.

పోయిన వేసవిలో స్టూడియోలో ఒక సెట్ వేశాం. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ, దాని మీద యుద్ధంలో కూలిన సైనిక విమానానికి స్మారక శిల. కథ ప్రకారం చనిపోయింది ఆరుగురు. ఆ పేర్లు కల్పించి కాగితం మీద రాసిచ్చే పని నాది.

పెయింటర్ యాదగిరన్నకు ఒక పట్టింపు ఉంది. ఇలాంటి రాతి మీద రాసేముందు యూనిట్ అందరికీ పేర్లు చదివి వినిపిస్తాడు. అక్కడున్నవాళ్ల పేరు గానీ, వాళ్లింట్లోవాళ్ల పేరు గానీ కలిస్తే మార్చాల్సిందే. "బతికున్నోళ్ల పేరు గీ రాయి మీద రాస్తే పాపం తగుల్తది" అంటాడు. ఆయన చాదస్తమంటే నాకు ముద్దే.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివాడు. ఆరు పేర్లయ్యాక, ఆగకుండా ఏడోది కూడా చదివాడు. "బుల్లబ్బాయి."

సైనికుడి తల్లి వేషానికొచ్చిన సీతమ్మగారు ముద్ద చేతిలోనే పట్టుకుని లేచారు. డెబ్బై దాటిన మనిషి. "మా అన్నయ్యండీ" అన్నారు.

యుద్ధంలో ఆయన ఎక్కిన విమానం సముద్రంలో పడిందట. మనిషి దొరకలేదు. బుల్లబ్బాయి అన్నది ఇంట్లో పిలుచుకునే పేరు, రికార్డుల్లో వేరే ఉంది.

కాగితం లాక్కుని చూశాను. దస్తూరీ నాదే. మొదటి ఆరూ నా స్కూలు స్నేహితుల పేర్లు అటూ ఇటూ మార్చి కట్టినవి. ఏడోది రాసిన గుర్తే లేదు. గోదావరి వైపు అది మామూలు పేరేనని తర్వాత తెలిసింది. కావచ్చు, కానీ సైనికుల జాబితాలో ముద్దుపేరు ఎందుకు రాస్తాను?

యాదగిరన్న పట్టింపు ప్రకారం దాన్ని కొట్టేయాలి. సీతమ్మగారు ఆయన చేతులు పట్టుకున్నారు.

"తీసెయ్యకు బాబూ. వాడికో పువ్వు పెట్టడానికి ఇన్నేళ్లుగా చోటే లేదు."

"గట్లెట్ల తీస్తనమ్మా? నువ్వు ఫికర్ చెయ్యకు" అని, ఆ పేరే అన్నిటికన్నా ముందు రాశాడు. నేను వెళ్లి డైరెక్టర్‌ని బతిమాలాను. కథలో చనిపోయినవాళ్లు ఏడుగురయ్యారు.

షాట్‌లో ఆవిడ ఆ పేరు కింద చామంతి పెట్టారు. గ్లిజరిన్ అడగలేదు. చూస్తూ నేనూ ఏడ్చాను.

సాయంత్రం వెళ్లబోతూ సీతమ్మగారు నా బుగ్గలు పట్టుకున్నారు. ఆ పేరు నీకెలా తెలుసని అడుగుతారేమోనని భయపడ్డాను.

"వాడు బాగానే ఉన్నాడా అమ్మా?" అని అడిగారు.

"బాగున్నారండీ" అన్నాను.

ఏదో ఓదార్పుకి అన్నాననుకుంటారేమో. ఆ క్షణాన నాకు నిజంగానే తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.