కారణం రాయాల్సిన గడి

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఆ బట్టల షాపు ఒక్క అంతస్తుగా ఉన్న రోజుల నుంచీ అక్కడ హాజరు చూసేది భానుమూర్తే. తణుకు దగ్గర పల్లెలో పుట్టి, బి.కాం. పూర్తిచేసి, పెళ్లయిన కొత్తలో భార్య వెంకాయమ్మతో వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డాడు. షాపు నాలుగంతస్తులకు పెరిగింది. అతని కుర్చీ మాత్రం వెనక మెట్ల కిందే ఉండిపోయింది.

ఉదయం పది కాగానే రిజిస్టర్లో ఎర్ర గీత గీయాలి. గీత కింద సంతకం పడితే ఆలస్యంగా వచ్చినట్టు. కాని భానుమూర్తి పదికి గీసేవాడు కాదు. పోచంపల్లి బస్సు వచ్చేదాకా ఆగేవాడు. ఆ బస్సులో చీరల సెక్షన్ కోదండం రావాలి. బస్సు ఆలస్యమైతే అది మనిషి తప్పు కాదని భానుమూర్తి లెక్క. కోదండం మెట్ల దగ్గరికి వస్తూనే అరిచేవాడు.

"గీత గీసిండ్రా సార్?"

"ఇంకా లేదులే, రా."

రానురాను షాపులో అందరికీ అదే పలకరింపయింది. ఎవరికి ఆలస్యమైనా మెట్ల దగ్గరికి వస్తూ ఆ మాటే అడిగేవారు. చాటున అతన్ని గీత సారు అనేవారు. ఆ సంగతి అతనికి తెలుసు. కోపం రాలేదు.

కోదండం మగ్గం మీద పెరిగినవాడు. మగ్గం ఇంటిల్లిపాదికీ తిండి పెట్టలేని రోజున కౌంటర్ వెనక్కి వచ్చాడు. ఏ చీర అచ్చంగా చేత్తో నేసిందో కొనేవాళ్లకు దాచకుండా చెప్పేవాడు. అందుకే ఆడవాళ్లు అతన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పేవారు. వెంకాయమ్మ పెట్టిన మాగాయ కోదండానికి, కోదండం భార్య వజ్రమ్మ చేసిన సర్వపిండి భానుమూర్తికి. బిడ్డ స్పందన ఇంటర్‌లో చేరాక కోదండం ఎల్బీనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. అయినా మెట్ల దగ్గరికి వస్తూ గీత సంగతి అడగడం మానలేదు.

రెండువేల పదకొండు వానాకాలంలో రిజిస్టర్ అటక ఎక్కింది. వేలిముద్ర యంత్రం, దాని వెనక కంప్యూటర్ వచ్చాయి. వాటిని అప్పజెప్పడానికి కంపెనీ నుంచి తన్మయి అనే అమ్మాయి వచ్చింది. ఓపికగా నేర్పింది.

"ఇంక మీరు గీత గీయక్కర్లేదు అంకుల్. అదే గీసేస్తుంది."

"బస్సు లేటైతే?"

అమ్మాయి నవ్వింది. "దానికే కదా ఈ గడి. రాని మనిషి పేరు పక్కన కారణం అడుగుతుంది. లిస్టులోంచి ఒకటి ఎంచుకోవాలి. సెలవు, జ్వరం, సొంత పని... ఖాళీగా వదిలేస్తే ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది. నెలాఖరు వరకు నింపకపోతే అతని వేలు ఇక తీసుకోదు."

"పొరపాటున ఒకటి రాస్తే?"

"మార్చుకోవచ్చు. కాకపోతే పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది. ఎవరు మార్చారో పేరు పడుతుంది. ఎందుకు మార్చారో కూడా రాయాలి. ఈ వెర్షన్లో కొత్తగా ఇచ్చాం."

మేనేజర్ త్రినాథరావు అప్పటిదాకా చేతులు కట్టుకుని వింటున్నాడు. "లిస్టులో లేని కారణం మనం పెట్టుకోవచ్చా అమ్మా?" అన్నాడు.

"ఎన్నైనా పెట్టుకోవచ్చు సార్." ఎలాగో నొక్కి చూపించింది.

"అయితే ఒకటి పెట్టండి. ఉద్యమం."

తన్మయి వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. త్రినాథరావు భానుమూర్తి వైపు తిరిగాడు. "కిందటేడు షోకేసు అద్దం పగిలినప్పుడు లోపల మన ఆడపిల్లలు ఉన్నారండీ. మీరూ చూశారు. రాయి ఎవరు వేశారో నాకు తెలియదు. మన లోపల ఎవరెవరు అటు తిరుగుతున్నారో తెలియాలా, వద్దా? విజయవాడ నుంచి ఓనరు గారు అడుగుతున్నారు. నెలలో మూడుసార్లు ఆ కారణం పడితే, నెల మారాక ఆ మనిషి వేలు తీసుకోకూడదు. ఆ మనిషి మనకొద్దు."

భానుమూర్తికీ ఆ అద్దం గుర్తుంది. గాజు ముక్కలు చీరల మడతల్లోంచి ఏరుతూ మళ్లీ మళ్లీ వీధి వైపు చూశాడు. ఆ భయం ఇంటిదాకా వచ్చింది. "రాష్ట్రం ఇచ్చేస్తే మనల్ని పొమ్మంటారా?" అని వెంకాయమ్మ అడిగింది. "ఎవరు పొమ్మంటారు, కోదండమా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. భానుమూర్తి వనస్థలిపురం నుంచి నడిచే షాపుకు వెళ్తున్నాడు. ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర రోడ్డుకు అడ్డంగా టెంటు వేసి ఉంది. ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చారు. ఒకపక్క మంగలి కుర్చీ, ఒకపక్క కుమ్మరి సారె. మధ్యలో చెక్క మగ్గం. మగ్గం మీద కోదండం.

పడుగు దారాల మధ్య నాడె అటూ ఇటూ పోతోంది. పక్కన స్పందన చాప మీద కూర్చుని నూలు కండెలు అందిస్తోంది. కోదండం తలెత్తి చూశాడు.

"నమస్తే సార్! గీ ఎండల నడుచుకుంట పోతున్నరా? జర చాయ్ తాగిపోండ్రి."

"రోడ్డు మీద ఏంటయ్యా ఇది?"

"మగ్గమే సార్. మర్శిపోయిన్నేమో అనుకున్న. తల మర్శింది గని, చెయ్యి మర్వలే."

పక్కన ఆసు మీద నూలు పోస్తున్న ముసలాయన జానయ్య కళ్లు చిట్లించి చూశాడు. "గీయన ఆంధ్ర సార్ లెక్కున్నడు. మన చాయ్ తాగితె ఆయన కొలువు పోదా?"

"గీయన గీత సార్, తాతా. బస్సు రాంది గీత గీయడు."

"గిప్పుడు బస్సులే లేవు గదరా. ఇగ ఎన్నడు గీస్తడు?"

టెంటంతా నవ్వింది. భానుమూర్తి కూడా నవ్వాడు. నిలబడే చాయ్ తాగాడు. తాగుతున్నంతసేపూ షాపువాళ్లెవరైనా చూస్తున్నారేమోనని రోడ్డుకు అటువైపు చూస్తూనే ఉన్నాడు. కోదండం మాత్రం అతన్నే చూస్తున్నాడు. ఇన్నేళ్లలో కౌంటర్ వెనక ఎన్నడూ కనిపించని తేటదనం ఏదో ఆ ముఖంలో ఉంది.

షాపుకు చేరేసరికి కోదండం పేరు పక్కన గడి ఎర్రగా మెరుస్తోంది. భానుమూర్తి లిస్టు తెరిచాడు. అన్నిటికంటే కింద ఆ కొత్త మాట. దాన్ని చూసి, పైకి వెళ్లి, జ్వరం దగ్గర నొక్కాడు. ఎరుపు ఆరింది. బస్సు వచ్చేదాకా గీత ఆపడం లాంటిదే ఇదీ అనుకున్నాడు. మనసు తేలికైంది. ఆ తర్వాత కోదండం రాని రోజులకు కూడా అదే రాశాడు. చివరికి అతను ఎప్పుడు రాకపోయినా చెయ్యి ఆలోచించకుండానే జ్వరం మీదికి పోయేది.

ఒక ఉదయం త్రినాథరావు మెట్ల కిందికే వచ్చాడు. చేతిలో దినపత్రిక మడత. లోపలి పేజీ తెరిచి బల్ల మీద పరిచాడు. రోడ్డు మీద మగ్గం, మగ్గం మీద కోదండం. ముఖం స్పష్టంగా పడింది.

"జ్వరమొచ్చినవాడు బాగానే నేస్తున్నాడండీ, భానుమూర్తి గారూ."

భానుమూర్తి పత్రిక దగ్గరికి లాక్కుని బొమ్మ చూశాడు.

"ఈ గళ్లన్నీ మీరు నింపినవే. గడి నింపినప్పుడల్లా నా ఫోన్‌కి జ్వరం, జ్వరం అని మెసేజులు. అయ్యో, ఎవరైనా వెళ్లి చూసొచ్చారా అని కూడా అడిగాను. మీరు తలూపారు. మనవాడని నమ్మితే మీరు చేసేది ఇదా?" గొంతు తగ్గించాడు. "నేను రాక్షసుణ్ణి కాదు. దీపావళి ముందు కోదండం లాంటి సేల్స్‌మన్ని పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదు. డాక్టర్ చీటీ ఒకటి తెమ్మనండి. జ్వరం తగ్గాక అటు వెళ్తూ కాసేపు కూర్చున్నానని ఒక్క మాట చెప్పమనండి. నేను కళ్లు మూసుకుంటాను. లేదంటే మీరే మార్చండి, ఉన్నది ఉన్నట్టు."

ఆ రోజు కోదండం పనికి వచ్చాడు. మధ్యాహ్నం డబ్బాలు విప్పారు. భానుమూర్తి కూర కలిపాడు కాని తినలేదు. చీటీ సంగతి చెప్పాడు. చైతన్యపురిలో తెలిసిన డాక్టర్ ఉన్నాడని, తనే మాట్లాడతానని అన్నాడు.

కోదండం చెయ్యి డబ్బాలోనే ఆగింది.

"నాకు జరం ఎన్నడొచ్చింది సార్?"

"నేనే రాశానయ్యా. ఉద్యమం అని పడితే నీ వేలు తీసుకోదు. అందుకని..."

"ఎన్ని దినాలు రాసిండ్రు?"

"రాని రోజులన్నిటికీ."

కోదండం చెయ్యి తుడుచుకున్నాడు. పైన ఎవరో చీర విప్పి దులుపుతున్న చప్పుడు వినిపించింది.

"మీరు నా మంచికే రాసిండ్రు. గది నాకెర్కనే," అన్నాడు చివరికి. "గని సార్, నా బిడ్డ పక్కన్నే కూసుంది. పేపర్ల బొమ్మ వస్తే కత్తిరిచ్చి పుస్తకంల పెట్టుకుంది. మా నాయిన అని దోస్తులకు సూపిస్తుంది. గిప్పుడు నేను చీటీ తెస్తె ఆ బొమ్మ అబద్ధమైతది. రాష్ట్రమొచ్చినా రాకున్నా, గప్పుడు నువ్వేడున్నవ్ నాయినా అంటే, జరమొచ్చి పండుకున్ననని అనాల్నా?"

"పిల్ల చదువుందయ్యా. ఇంటి అద్దె ఉంది."

"ఉన్నయి. లేవన్ననా?" డబ్బా పక్కకు జరిపాడు. "భయం లేదనుకుంటున్నరా నాకు? రాత్రి వజ్రమ్మ కూడ గిదే అడిగింది. కొలువు పోతె ఎట్ల అని. జవాబు నాతాన లేదు. గని చేసిన పని చెయ్యలేదని మాత్రం అనను. రాయుండ్రి సార్. మీ చేతులతోటే రాయుండ్రి."

భానుమూర్తి అతని ముఖం చూశాడు. మగ్గం మీద కనిపించిన ఆ తేటదనం ఇప్పుడు లేదు. దాన్ని చెరిపింది ఆ యంత్రం కాదు, త్రినాథరావూ కాదు. ఎవరూ అడగకుండా తను చేసిన మేలు.

భోజనం సగంలో వదిలి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక్కొక్క గడీ తెరిచి జ్వరం తీసి ఉద్యమం పెట్టాడు. మార్చిన ప్రతిసారీ ఎందుకని అడిగింది. ప్రతిసారీ ఒకే మాట కొట్టాడు: ముందు రాసింది అబద్ధం, రాసింది భానుమూర్తి. కొన్ని గళ్లయ్యాక త్రినాథరావు ఫోన్ పైఅంతస్తులో వరసగా మోగడం వినిపించింది. అయినా ఆపలేదు. ఆపితే మిగతావి మార్చే ధైర్యం మళ్లీ వస్తుందో రాదో అతనికే నమ్మకం లేదు.

త్రినాథరావు కేకలు వేయలేదు. "మీ ఇష్టం అండీ," అన్నాడు. ఆ సాయంత్రమే భానుమూర్తికి గోడౌన్ పని చెప్పాడు. వచ్చే నెల నుంచి హాజరు మరొకరు చూస్తారు.

సమ్మె ముగిసింది. బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. దీపావళి బేరాలయ్యాయి. ఆ రోజుల్లో కోదండం ఎప్పటికంటే ఎక్కువ చీరలు అమ్మాడు. అన్నం ఆ బల్ల మీదే తినేవాడు కాని మాటలు తగ్గాయి. మాగాయ వద్దనలేదు. అదొక్కటే భానుమూర్తికి ఊరట.

నెల మారిన ఉదయం భానుమూర్తి కొత్త మనిషికి పని అప్పగిస్తూ ఇంకా మెట్ల కిందే ఉన్నాడు. కోదండం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. యంత్రం మీద వేలు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. వేలు చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. చెమట వల్ల అలా అవుతుందని అందరూ అలాగే చేస్తారు. మళ్లీ ఎర్ర దీపమే. ఇంకో వేలు చాచబోతుంటే భానుమూర్తి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు కోదండం."

కోదండం చెయ్యి లాక్కోలేదు. యంత్రం వైపు చూసి, భానుమూర్తి వైపు చూశాడు. పెదవి చివర ఏదో కదిలింది.

"గీత గీసిండ్రా సార్?"

భానుమూర్తి చెయ్యి వదల్లేదు. "గీశాను."

"మంచిగ గీసిండ్రు," అన్నాడు కోదండం. ఆ మాటలో వెటకారం లేదు.

పోచంపల్లి పోయి పాత సావుకారును మగ్గం అడుగుతానన్నాడు. జానయ్య తాత ఒక మాట చెప్పి ఉంచాడట. ఇస్తాడో లేదో తెలియదు. స్పందనను మాత్రం చదువు ఏడాది అయ్యేదాకా ఇక్కడే హాస్టల్లో ఉంచాలని వజ్రమ్మ పట్టు. కోదండం నడుస్తూ ఇవన్నీ చెప్తుంటే భానుమూర్తి అతని పక్కనే నడిచాడు. రోడ్డు దాటారు. స్టాపులో నిలబడ్డారు. పోచంపల్లి బస్సు చాలా ఆలస్యంగా వచ్చింది. ఎక్కేముందు కోదండం అతని చేతి డబ్బా సంచి వైపు చూసి, "మాగాయ ఉన్నదా?" అన్నాడు. భానుమూర్తి డబ్బా మూతతో సహా ఇచ్చేశాడు.

తిరిగి వచ్చేసరికి కొత్త మనిషి ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. తెర మీద, పది దాటినా వేలు పడని భానుమూర్తి పేరు పక్కన గడి ఎర్రగా మెరుస్తోంది.

"సార్, సొంత పని అని పెట్టెయ్యనా?"

"వద్దు బాబూ. నేను రాస్తాను."

లిస్టు తెరిచాడు. కావలసింది అందులో లేదు. తన్మయి చూపించినట్టు కొత్త కారణం చేర్చే చోట నొక్కి, రెండు వేళ్లతో నెమ్మదిగా కొట్టాడు.

కోదండాన్ని బస్సెక్కించడానికి.

ఎరుపు ఆరింది. భానుమూర్తి కుర్చీ లోపలికి జరిపి గోడౌన్ వైపు నడిచాడు.