మా బావగారి ఎదుగుదల

మా అక్క ఆఫ్కె మొగుడు ఫోల్కెర్ట్ నెదర్లాండ్స్‌లో, గ్రోనింగెన్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసరు. మనిషి తానుగా పూనుకుని, ఫలానా విషయంలో మెరుగుపడాలని అనుకుని మరీ ఎదిగితే మనసు ఆరోగ్యంగా ఉంటుందన్నది ఆయన పరిశోధన. ఊరికే బతుకుతూ ఎదగడం లెక్కలోకి రాదట. ఏటా జనవరిలో తానూ ఒక మంచి గుణాన్ని ఎంచుకునేవాడు. కృతజ్ఞత ఎంచుకున్న ఏడాది కూడా అక్క కాచిన బఠాణీ సూపు తాగి, గిన్నె బల్లమీదే వదిలి లేచిపోయేవాడు.

ఎదుటివాళ్ళు చెప్పేది వినడం ఎంచుకున్న ఏడాది అక్కకి మంచం దిగబుద్ధి కాలేదు. తల దువ్వుకోవడం మానేసింది.

“ఫోల్కెర్ట్, నాకేం బాగుండట్లేదు,” అందట.

“అలా కాదు ఆఫ్కె. ఏం సాధించాలనుకుంటున్నావో చెప్పు.”

“పడుకోవాలనుంది.”

“అదేం లక్ష్యం?”

అని పక్కగదిలోకి వెళ్ళి, వినడం గురించిన ఉపన్యాసం మళ్ళీ వల్లె వేసుకున్నాడు. అక్క నాకు ఫోన్ చేసింది. కారు తీసుకుని వెళ్ళాను.

“హిల్యె, నువ్వు ఆవేశంలో ఉన్నావు. ముందు ఊపిరి గట్టిగా తీసుకో,” అన్నాడు గుమ్మంలో.

“మీరు ముందు అక్క బట్టల సంచీ తీసుకోండి బావగారూ. కారు దాకా మొయ్యండి చాలు.”

మొయ్యలేదు. ఎవరో విద్యార్థి ఫోన్ చేశాడు.

డెల్ఫ్‌జైల్ అనే రేవు ఊళ్ళో మా ఇంట్లో అక్క చలికాలమంతా నిద్రపోయింది. డాక్టరిచ్చిన మందులు వేసుకుంది. నేను వండింది కొంచెం తిని, కొంచెం వదిలేసింది. ఎండలు మొదలయ్యాక ఒకనాడు ఓడరేవు దగ్గర చేపల కొట్టువాడితో తగువు పెట్టుకుంది, చేప నిన్నటిదని.

“అంత తెలిస్తే నువ్వే అమ్ము తల్లీ!” అన్నాడు వాడు.

మరుసటి వారం నిజంగానే వెళ్ళి వాడి కొట్లో నిలబడింది.

ఈలోగా మా బావ ఏదో పెద్ద సభలో, “ఒక సన్నిహిత వ్యక్తి అనారోగ్యం నన్నెంతో ఎదిగేలా చేసింది,” అని కళ్ళు తుడుచుకున్నాడు. సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ వీడియో నేనూ చూశాను. సంచీ మొయ్యని ఆ చేతుల్ని ఎంత బాగా ఆడిస్తాడో!

ఆకులు రాలే రోజుల్లో చూడ్డానికొచ్చాడు. కొట్టు ముందు వరసలో నిలబడి, అక్క నవ్వుతూ చేపలు కోయడం చూసి ఆశ్చర్యపోయాడు.

“అద్భుతం ఆఫ్కె! ఇంతకీ ఏ గుణం ఎంచుకున్నావు?”

“ఏదీ లేదు. నిద్రపోయాను. హిల్యె వండిపెట్టింది.”

ఆయన ముఖం వాడిపోయింది. పెళ్ళాం కోలుకున్నందుకు కాదు, కోలుకున్న తీరుకి.

“అయితే ఇది నా పరిశోధనలో చేరదే. అనుకుని ఎదిగింది కాదుగా!”

“చేప కావాలా? వద్దంటే పక్కకి జరుగు. వెనక జనం ఉన్నారు.”

జరిగాడు. జరిగి, వెనకున్న ముసలాయనకి ఎదుగుదల గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

అక్క మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. ఆయన తరగతుల్లో ఇప్పటికీ కూర్చోడానికి చోటు దొరకదంటారు. అక్క ఆదివారాలు మా ఇంటికొచ్చి, బంగాళాదుంపలు సరిగ్గా ఉడకలేదని నాకు వంకలు పెడుతూ రెండోసారి వడ్డించుకుంటుంది.